తాత పేరు మనవడికి పెట్టాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మగపిల్లాడు పుట్టాడంటే వాడు సరిగ్గా కళ్లు తెరవకముందే పేరు గొడవ మొదలవుతుంది. "మా నాన్న పేరేగా పెడుతున్నారు?" అని ఒకరంటారు. "ఈ కాలంలో ఆ పేరేంటి!" అని ఇంకొకరంటారు. ఈ గొడవ నాకు రెండుసార్లు అనుభవమే. ఒకసారి నేను ఊయల్లో ఉన్నప్పుడు, ఇంకోసారి నా కొడుకు ఊయల్లో ఉన్నప్పుడు. మొదటిసారి నా మాట ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో నాలుగు తరాలుగా రెండు పేర్లే తిరిగాయి. తాత పేరు నాకు, ముత్తాత పేరు నాన్నకు. ఆ లెక్కన నాన్న పేరు నా కొడుక్కి రావాలి. వచ్చింది, కానీ అందరూ అనుకున్నట్టు కాదు. ఆ సంగతి కింద చెబుతాను. నేను తటస్థుణ్ని కాదని ముందే తెలిస్తే మంచిది.

ఇది ఇంటిపేరు గురించా?

కాదు. ఇంటిపేరు ఎలాగూ వస్తుంది. తాత, ముత్తాత, పెదనాన్న, మేనమామ, ఇలా ఇంట్లో ఎవరో ఒకరు మోసిన సొంత పేరును మళ్లీ ఒక పసివాడికి పెట్టాలా వద్దా అన్నదే ఇక్కడి విషయం.

ఈ అలవాటు అందరికీ ఉందా, కొందరికేనా?

చాలా చోట్ల ఉంది, చాలా కాలంగా ఉంది. గుప్తరాజుల్లో మొదటి చంద్రగుప్తుడి కొడుకు సముద్రగుప్తుడు, ఆయన కొడుకు మళ్లీ చంద్రగుప్తుడు. పరీక్షల్లో ఒకరి విజయాలు ఇంకొకరి ఖాతాలో రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లకు ఈ పద్ధతిలో ఇబ్బంది ఏమిటో చెప్పక్కర్లేదు. పాత ఏథెన్స్‌లోనూ ఇంతే. క్రీ.పూ. 490లో మారథాన్ దగ్గర గెలిచిన సేనాని మిల్టియాడిస్. ఆయన తండ్రి కిమోన్, కొడుకూ కిమోనే. అదే ఊళ్లో ఒక గొప్పింట్లో కాలియాస్ కొడుకు హిప్పోనికస్, హిప్పోనికస్ కొడుకు కాలియాస్, అలా తరాలపాటు సాగింది. చివరికి నాటకాల్లో దాని మీద జోకులు కూడా పడ్డాయి. గ్రీకు కుటుంబాల్లో పెద్దకొడుక్కి నాన్నవైపు తాత పేరు పెట్టడం ఇప్పటికీ ఉంది.

ఐస్‌లాండ్‌లో చాలామందికి ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరుకు 'కొడుకు' అని చేర్చి చెప్పుకుంటారు. ఎయినార్ కొడుకు యోన్ తన కొడుక్కి తాత పేరు పెడితే వాడు యోన్ కొడుకు ఎయినార్ అవుతాడు. వాడూ అదే పని చేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. మా ఇంటి సంగతి గుర్తొచ్చి ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. రోమన్ల పరిస్థితి ఇంకా ఇరుకు. రిపబ్లిక్ చివరి రోజుల్లో మగవాళ్లకు వాడుకలో ఉన్న మొదటి పేర్లు ఇరవైకి లోపే. పెద్దకొడుక్కి సాధారణంగా తండ్రి పేరే.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే పద్ధతీ ఉంది. పాత చైనాలో పూర్వీకుల పేరు పలకడం, రాయడమే అమర్యాద. ఆ పేరులోని అక్షరాన్ని కూడా తప్పించేవాళ్లు. అలాంటిచోట తాత పేరు మనవడికి పెట్టి రోజుకు వందసార్లు కేకేయడం ఊహకే అందదు. "ఆ పేరు పెట్టకపోతే తాతగారిని అవమానించినట్టే" అని ఎవరైనా మిమ్మల్ని దబాయిస్తే ఇది గుర్తుచేసుకోండి. ఆ గౌరవం కోసమే పెట్టనివాళ్లు కోట్లలో ఉన్నారు.

పాత పుస్తకాల్లో దీనికి ఏమైనా నియమం ఉందా?

ఒకటి నాకు చాలా ఇష్టం. పతంజలి మహాభాష్యం వ్యాకరణ గ్రంథమే అయినా, మొదట్లోనే పిల్లాడికి పేరెలా పెట్టాలో యాజ్ఞికుల మాటగా చెబుతుంది. బిడ్డ పుట్టి పది రోజులు గడిచాక పెట్టాలి. పేరు ఘోషాక్షరంతో మొదలవ్వాలి, అంటే గ, జ, ద, బ లాంటివి. మధ్యలో య, ర, ల, వ లలో ఒకటి ఉండాలి. రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలి. 'త్రిపురుషానూకం' కావాలి, అంటే పైనున్న మూడు తరాల పెద్దలను అనుసరించి ఉండాలి. చివరగా 'అనరిప్రతిష్ఠితం', అంటే శత్రువుకు ఉన్న పేరు కాకూడదు.

సుమారు 2 వేల ఏళ్ల కిందటి ఈ చిన్న జాబితాలో ఇప్పటి తగాదాలన్నీ ఉన్నాయి. పలకడానికి బాగుండాలి, పొట్టిగా ఉండాలి, పెద్దలు గుర్తు రావాలి, పడనివాళ్లు గుర్తు రాకూడదు. ఈ నాలుగూ ఒకే పేరులో దొరికితే వెంటనే పెట్టేయండి, ఈ పేజీతో పని లేదు. సాధారణంగా దొరకవు.

బతికి ఉన్నవాళ్ల పేరు పెట్టవచ్చా?

యూదుల్లోనే రెండు దారులున్నాయి. మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ కుటుంబాల్లో పోయినవాళ్ల పేరే పెడతారు, బతికున్నవారి పేరు ముట్టుకోరు. స్పెయిన్ వైపు మూలాలున్న సెఫార్డీ కుటుంబాల్లో తాత పక్కనే కూర్చుని ఉండగా ఆయన పేరు మనవడికి పెడతారు, అది ఆయనకు సంతోషం. దీన్నిబట్టి సరైన జవాబు ఒక్కటే ఉందని నేను అనుకోను. పేరు ఎవరిదో ఆ మనిషిని అడగడం మేలు.

అడగకుండా 'సంతోషిస్తారులే' అనుకోవద్దు. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో తమ్ముడు థియో 1890 జనవరిలో పుట్టిన తన కొడుక్కి అన్న పేరే పెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు. విన్సెంట్ మాత్రం వాళ్లమ్మకు రాసిన ఉత్తరంలో, నా పేరు కన్నా నాన్న పేరు పెట్టి ఉంటే బాగుండేది, ఈమధ్య నాన్నే గుర్తొస్తున్నారు అన్నాడు. ఎలాగూ పెట్టేశారు కాబట్టి బాబు కోసం ఒక బొమ్మ మొదలుపెట్టానని కూడా రాశాడు. నీలాకాశం మీద పూసిన బాదం కొమ్మల బొమ్మ అది. ఆ బాబు పెద్దయి ఇంజనీరు అయ్యాడు. పెదనాన్నకూ తనకూ తేడా తెలియడానికి ఇంట్లోవాళ్లు అతన్ని 'ఇంజనీరు' అనే పిలిచేవాళ్లు. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తెరిచిన వాన్ గో మ్యూజియం వెనక ఉన్నది ఈ చిన్న విన్సెంటే. పేరు తనదయ్యాక దాన్ని మోసిన తీరు చూడండి!

చిన్న వయసులో పోయినవాళ్ల పేరు, లేదా అంతకుముందు పోయిన బిడ్డ పేరు?

ఇక్కడ నేను తొందరపడి సలహా ఇవ్వను. వాన్ గో సంగతే తీసుకుంటే, ఆయన 1853 మార్చి 30న పుట్టాడు. సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన ప్రాణం లేకుండా పుట్టిన అన్న పేరూ విన్సెంటే. ఇంకో చిత్రకారుడు సాల్వడార్ డాలీ అన్న, అతని పేరూ సాల్వడార్, 1903లో పసితనంలోనే పోయాడు. తొమ్మిది నెలలకు ఈ సాల్వడార్ పుట్టాడు. తాను అన్నకు బదులుగా వచ్చినవాణ్నన్న భావం డాలీని జీవితాంతం వదల్లేదు. సంగీతకారుడు లుడ్విగ్ బీథోవెన్‌కూ ఇలాగే ఒక అన్న. లుడ్విగ్ అనే పేరుతోనే 1769లో పుట్టి కొన్ని రోజులే బతికాడు. కాకపోతే బీథోవెన్‌కు ఆ పేరు అన్న నుంచి కన్నా తాత నుంచి వచ్చిందని చెప్పడమే సబబు. తాత లుడ్విగ్ బాన్‌లో ఆస్థాన సంగీతాధికారి. మనవడికి మూడేళ్లప్పుడే పోయినా, ఆయన చిత్రపటాన్ని బీథోవెన్ వియన్నాలో తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఈ రెండు రకాలకూ తేడా ఉందని నాకనిపిస్తుంది. నిండుగా బతికి పోయిన మనిషి పేరు వస్తే, దాంతోపాటు చెప్పడానికి ఒక జీవితం వస్తుంది. అర్ధాంతరంగా ఆగిపోయిన పేరు వస్తే, మిగిలిపోయిన ఆశ వస్తుంది. దాన్ని తీర్చాల్సింది పసివాడే అవుతాడు. అలాంటి పేరు పెట్టాలని ఉంటే రెండో పేరుగా పెట్టి, మొదటి పేరు వాడికంటూ కొత్తది ఇవ్వండి. అమ్మ మనసు సిద్ధంగా లేకపోతే అదీ వద్దు. ఈ విషయంలో ఆఖరి మాట అమ్మదే.

పేరుతోపాటు గుణాలు కూడా వస్తాయా?

రావు. ఎదురుచూపులు మాత్రం వస్తాయి. "ఆ పేరు పెట్టుకుని ఈ పనేంటి?" అన్న మాట చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తాత లెక్కల్లో దిట్ట. నేను కాదు. మార్కులు వచ్చిన ప్రతిసారీ ఆయన పేరు ఇద్దరికీ కలిపి ఒకేసారి చెడేది.

కొందరికి అదే బరువు ఊతమవుతుంది. అమెరికాకు 6వ అధ్యక్షుడైన జాన్ క్విన్సీ ఆడమ్స్ 1767 జులై 11న పుట్టేనాటికి తల్లివైపు ముత్తాత జాన్ క్విన్సీ చావుబతుకుల్లో ఉన్నారు. అమ్మమ్మ కోరితే బాబుకు ఆ పేరు పెట్టారు. జులై 13న ముత్తాత పోయారు. ఆ పేరుకు తగని పని చేయకూడదన్న హెచ్చరిక తనకు జీవితాంతం తోడుందని ఆడమ్స్ తర్వాత రాసుకున్నారు. ఆయన్ను నిలబెట్టింది పేరొక్కటే కాదు. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఇంట్లో ఎవరో కూర్చోబెట్టి చెప్పారు. నేను పట్టుబట్టే విషయం కూడా ఇదొక్కటే. కథ చెప్పకుండా పేరు మాత్రం ఇస్తే పిల్లాడికి మిగిలేది పోలికే.

మాకు ఆ పేరు నచ్చలేదు. పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి?

ముందు, నచ్చనిది పేరా, పెట్టమంటున్న తీరా అని మీలో మీరు తేల్చుకోండి. నేను మాట్లాడిన చాలామందికి పేరుతో తగువు లేదు. తమను అడగకుండా బంధువులందరికీ ముందే చెప్పేశారన్నదే కోపం. ఆ కోపం చల్లారాక అదే పేరు బాగానే వినిపించిందని ఇద్దరు ముగ్గురు చెప్పారు.

నిజంగా పేరే నచ్చకపోతే, ఎవరి తల్లిదండ్రులకు వాళ్లే చెప్పాలి. కోడలి చేతో అల్లుడి చేతో చెప్పించడం పిరికితనం. చెప్పేటప్పుడు "ఆ పేరు పాతది, బాలేదు" అనొద్దు. ఆ పేరు పెట్టుకుని డెబ్బై ఏళ్లు బతికిన మనిషికి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. "వాడికి వాడి పేరే ఉండాలని మాకు ఆశ" అని మీ కోరికను చెప్పండి. దాంతోపాటు పెద్దాయనకు ఇవ్వగలిగినది ఏదైనా ఉంటే అప్పుడే చేతికివ్వండి. రెండో పేరు కావచ్చు, మొదటి అక్షరం కావచ్చు. ఉత్త చేతులతో వెళ్లి 'వద్దు' అంటే గొడవ తప్పదు.

పాతకాలం పేరు పెడితే స్కూల్లో ఏడిపించరా?

ఏడిపిస్తారు. కొత్త పేరు పెట్టినా ఏడిపిస్తారు. ఎనిమిదేళ్ల పిల్లలకు ఏ పేరైనా చాలు. నా పేరును వాళ్లు విరిచిన రకాలు ఇక్కడ రాయను.

పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పేర్లు పాతబడతాయి, కొన్ని తిరిగి కొత్తవవుతాయి. సాధారణంగా నాన్నల తరం పేర్లే మనకు మరీ పాతగా వినిపిస్తాయి. ముత్తాతల పేర్లలో కొన్నిటికి మళ్లీ మెరుపు వస్తుంది, ఎందుకంటే ఆ పేరుగల ముసలివాళ్లు ఇప్పుడు మన చుట్టూ లేరు. మీకు తాత పేరు మింగుడుపడకపోతే ఇంకో మెట్టు పైకెక్కి చూడండి.

బరువైన పేరుకు తేలికైన పిలుపు తోడుంటే పిల్లాడు తనకు కావలసినప్పుడు కావలసినది వాడుకుంటాడు. బరాక్ ఒబామాది తండ్రి పేరే, పూర్తిగా అక్షరం పొల్లుపోకుండా. చిన్నప్పుడంతా ఆయన 'బ్యారీ'. కాలేజీ రోజుల్లో తనంతట తానే బరాక్‌కు తిరిగి వచ్చారు. నాకూ దాదాపు అంతే. ముప్పై దాటాక ఒకరోజు పూర్తి పేరుతో సంతకం పెట్టి, బాగానే ఉందే అనుకున్నాను.

ఏ వైపు తాత పేరు పెట్టాలి?

తగువుల్లో సగం ఇక్కడే. 'వంశం పేరు' అనగానే నాన్నవైపే అనుకోవడం అలవాటు. బిడ్డకు తాతలు ఇద్దరు కదా! పైన చెప్పిన ఆడమ్స్‌ది తల్లివైపు పేరు. 1924లో పుట్టిన పెద్ద జార్జ్ బుష్‌కు అమ్మ తండ్రి జార్జ్ హెర్బర్ట్ వాకర్ పేరు మొత్తానికి మొత్తం పెట్టారు. తర్వాత ఆయన కొడుకు పేరులో 'హెర్బర్ట్' తీసేసి జార్జ్ వాకర్ బుష్ అన్నారు. అలా ఆ అమ్మగారి తండ్రి ఇంటిపేరు ఇద్దరు అధ్యక్షుల పేర్ల మధ్యలో కూర్చుంది.

నాన్నవైపు నుంచి ఇంటిపేరు వస్తుంటే, సొంత పేరు అమ్మవైపు నుంచి తీసుకోవడం నా లెక్కలో న్యాయం. ఇది విని మా బంధువుల్లో ఒకాయన "అలాంటి పద్ధతి లేదు" అన్నారు. ఏ పద్ధతైనా ఎవరో ఒకరు మొదలుపెట్టిందే.

తండ్రి పేరే కొడుక్కి పెడితే?

తాత పేరు కన్నా ఇది చిక్కు. తాతా మనవడూ ఒకే వయసులో ఉద్యోగాలు, అప్పులు, ఆస్పత్రులంటూ తిరగరు. తండ్రీకొడుకులు చాలా ఏళ్లు ఒకే ఇంట్లో, ఒకే అడ్రసులో, ఒకే పేరుతో ఉంటారు. బ్యాంకు ఉత్తరం ఎవరిది? రక్తపరీక్ష రిపోర్టు ఎవరిది? పుట్టినతేదీ చూసుకోకపోతే తండ్రి బాకీ కొడుకు లెక్కలోకి వెళ్లడం జరిగే పనే. అందుకే అమెరికాలో పేరు చివర 'జూనియర్', 'మూడు' అని తగిలించుకుంటారు. స్పెయిన్‌లో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ రాస్తారు కాబట్టి తండ్రీకొడుకుల పేరొకటే అయినా రెండో ఇంటిపేరు దగ్గర తేడా తెలుస్తుంది. మీరుండే చోట అలాంటి సదుపాయం లేకపోతే తండ్రి పేరు పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఒకే వృత్తిలోకి వెళ్తే ఇంకో తలనొప్పి. వియన్నాలో యోహాన్ స్ట్రాస్ తన కొడుకు సంగీతం వైపు రాకూడదని పట్టుబట్టాడు. పేరు మాత్రం తనదే పెట్టాడు. కొడుకు యోహాన్ సంగీతంలోకే వచ్చి, సొంత బృందం పెట్టి, తండ్రికే పోటీ అయ్యాడు. వాళ్లిద్దరినీ ఈరోజుకీ 'పెద్ద', 'చిన్న' అని విడదీసి చెప్పుకోవాల్సి వస్తోంది.

ఇక బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ ఐదుగురు కొడుకులకూ జార్జ్ అనే పెట్టుకున్నాడు. ఇంట్లో ఎవరి ముద్దుపేరు వాళ్లది. ఆయన ఇంట్లో కుదిరిందని మీరు ప్రయత్నించకండి.

అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకే తాత పేరు. ఇప్పుడెలా?

గ్రీకు కుటుంబాల్లో ఇది మామూలే. ముగ్గురు అన్నదమ్ములుంటే ముగ్గురి పెద్దకొడుకులదీ ఒకే పేరు. పండక్కి అందరూ చేరినప్పుడు ఒక్క కేకకు ముగ్గురు పరిగెత్తుకొస్తారు. అంతకుమించి నష్టం లేదు. 'మా అన్న ముందే వాడేశాడు' అని పేరు వదులుకోనక్కర్లేదు. అన్నకు ఒక మాట చెప్పి పెట్టుకోవచ్చు.

జర్మనీలో సంగీతకారుల బాఖ్ కుటుంబం దీనికి చక్కని దారి చూపించింది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ తండ్రి యోహాన్ అంబ్రోసియస్, అన్న యోహాన్ క్రిస్టోఫ్, కొడుకుల్లో ఒకడు యోహాన్ క్రిస్టియన్. ఎక్కడ చూసినా యోహానే. అందుకే యోహాన్ అని ఎవరూ పిలవలేదు, రెండో పేరే అసలు పేరు. ఉమ్మడి పేరు కాగితం మీద, సొంత పేరు నోట్లో.

ఒకే పేరు మరీ ఎక్కువైతే ఏమవుతుందో ఫ్రాన్స్ రాజకుటుంబంలో కనిపిస్తుంది. 14వ లూయీ కొడుకు లూయీ 1711లో పోయాడు. 1712లో మనవడు లూయీ, వెంటనే అతని పెద్దకొడుకు లూయీ పోయారు. చివరికి మిగిలిన చిన్న మునిమనవడి పేరు కూడా లూయీనే. 1715లో ఐదేళ్లకు 15వ లూయీ అయ్యాడు. ఇలాంటి ఇంట్లో చరిత్ర రాసేవాడి పాట్లు వేరే చెప్పాలా!

పేరు మొత్తం కాకుండా కొంతే తీసుకోవచ్చా?

నాకు నచ్చేది ఈ దారే. ఇందులో చాలా రకాలున్నాయి.

చైనా, కొరియా కుటుంబాల్లో ఒక తరం పిల్లలందరి పేర్లలోనూ ఒక అక్షరం ఉమ్మడిగా ఉంటుంది. అన్నదమ్ములు, పెదనాన్న చిన్నాన్న పిల్లలు అందరికీ అదే. మిగతా అక్షరం ఎవరిది వాళ్లది. పేరు వినగానే ఏ ఇల్లో, ఏ తరమో తెలిసిపోతుంది. మనిషి మాత్రం ఎవరి నీడలోనూ ఉండడు. ఎంత తెలివైన ఏర్పాటు! అష్కెనాజీ యూదుల్లో ఈ రోజుల్లో చాలామంది పోయినవారి పేరులో మొదటి అక్షరం మాత్రం తీసుకుని కొత్త పేరు పెడతారు. అర్థాన్ని తీసుకోవడం ఇంకో పద్ధతి. తాత పేరుకు వెలుగు అని అర్థమైతే, వెలుగు అనే అర్థంతో కొత్త పేరు వెతకవచ్చు.

ఇక రెండో పేరు. మేం చేసింది అదే. నా కొడుకు మొదటి పేరు మేమిద్దరం ఎంచుకున్నది. రెండోది నాన్నది. మొదట నాన్న ముఖం మాడ్చుకున్నారు. మూడు నెలలు వాణ్ని 'బాబు' అనే పిలిచారు, మేం పెట్టిన పేరు నోట పలకలేదు. తర్వాత ఆయనే ఒక ముద్దుపేరు కనిపెట్టారు. దానికి అర్థం లేదు, ఏ భాషలోనూ లేదు. ఇప్పుడు ఇంట్లో అందరూ వాణ్ని అలాగే పిలుస్తారు. ఇంతా చేసి మేం నెలలపాటు వెతికిన పేరును వాడుతున్నది స్కూలు వాళ్లే.

ఒక జాగ్రత్త: నలుగురినీ మెప్పించడానికి నాలుగు పేర్లు గుచ్చి దండ చేయకండి. ఫారాల్లో ఉండే గళ్లు చాలవు, ఒక్కో కాగితంలో ఒక్కో ముక్క తెగిపోతుంది.

పెద్దాయన పేరు పెట్టి పిల్లాణ్ని తిట్టడం ఎలా?

నవ్వులాటగా అనిపిస్తుంది కానీ రోజూ ఎదురయ్యే ఇబ్బంది ఇదే. మామగారి పేరున్న మూడేళ్లవాడు గోడంతా రంగు పూస్తే, ఆ పేరు పెట్టి అరవాలంటే నాలిక మడతపడుతుంది. ఆయన పక్కగదిలో ఉంటే మరీను. అందుకే ఇలాంటి పేరుకు మొదటి వారంలోనే ఒక పిలుపుపేరు జతచేయండి. మీరు చేయకపోతే ఎవరో ఒకరు చేస్తారు, అది మీకు నచ్చకపోవచ్చు. పెద్ద బుష్ తాతను కొడుకులు 'పాప్' అనేవాళ్లు. ఆయన పేరు పెట్టుకున్నందుకు మనవడు 'పాపీ' అయ్యాడు. పెద్దయ్యాక కూడా ఆ పిలుపు ఆయన్ను వదల్లేదు.

ఆ తాత అంత మంచివాడు కాదు. అయినా పెట్టమంటున్నారు.

పెట్టకండి. 'అనరిప్రతిష్ఠితం' అన్న నియమం ఇంటి లోపలికి కూడా వర్తిస్తుందని నా వాదన. ఇంట్లో ఒకరికైనా ఆ పేరు వింటే భయమో బాధో కలిగితే, ఆ పేరును ఆ ఇంట్లో రోజూ పిలవకూడదు. "పోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదు" అంటారు. సరే, మాట్లాడొద్దు, పేరూ పెట్టొద్దు.

ఆడపిల్ల అయితే ఈ చర్చ ఎందుకు రాదు?

కొన్నిచోట్ల వస్తుంది. గ్రీకుల్లో నాయనమ్మ, అమ్మమ్మ పేర్లకూ వరస ఉంది. చాలా ఇళ్లలో రాదు, కారణం అందరికీ తెలిసిందే. ఒకటి అడుగుతాను. మీ నాయనమ్మ పేరేమిటి? ఆవిడ అమ్మ పేరు? రెండో ప్రశ్నకు నేను ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది.

పెట్టాక పొరపాటు చేశామనిపిస్తే?

మొదటి ఏడాదిలోనే అనిపిస్తే కాగితాల మీద మార్చడం కొంచెం తేలిక, ఎందుకంటే కాగితాలే తక్కువ. తర్వాత కూడా మార్చవచ్చు, తిరుగుడు ఎక్కువ. మార్టిన్ లూథర్ కింగ్ 1929లో పుట్టినప్పుడు మైఖేల్, తండ్రి పేరూ మైఖేలే. 1934లో తండ్రి జర్మనీ వెళ్లొచ్చాక తన పేరూ ఐదేళ్ల కొడుకు పేరూ కలిపి మార్చారు. జనన ధ్రువపత్రంలో మాత్రం అది 1957 దాకా మారలేదు.

పిల్లాడు తనే మార్చుకునే రోజూ రావచ్చు. బ్రిటన్‌లో విక్టోరియా రాణికి తన భర్త ఆల్బర్ట్ పేరు వంశంలో నిలవాలని గట్టి కోరిక. పెద్దకొడుకు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ 1901లో సింహాసనం ఎక్కుతూ ఎడ్వర్డ్ అన్న పేరే ఎంచుకున్నాడు. మునిమనవడు ఆల్బర్ట్, సరిగ్గా ముత్తాత పోయిన తేదీనే పుట్టాడని ఆ పేరు పెట్టించుకున్నవాడు, 1936లో రాజయ్యాక 6వ జార్జ్ అయ్యాడు. అంత గట్టిగా పట్టుకున్నా ఆల్బర్ట్ పేరుతో అక్కడ ఒక్క రాజూ లేడు. ఇంట్లో మాత్రం ఇద్దరినీ చివరిదాకా 'బెర్టీ' అనే పిలిచారు.

నిర్ణయానికి ముందు ఏమైనా పరీక్ష పెట్టుకోవచ్చా?

మూడు పనులు చేయండి. ఆ పేరును కిటికీలోంచి వీధిలోకి అరిచినట్టు గట్టిగా ఒకసారి పిలిచి చూడండి. ఆ పేరుగల పెద్దాయన గురించి పిల్లాడికి చెప్పదగ్గ సంగతులు ఒక కాగితం మీద రాయండి. ఐదు కూడా రాకపోతే మీరు గౌరవిస్తున్నది మనిషిని కాదు, వరసను. మూడోది, పెద్దవాళ్లు ఎవరూ అడగకపోయినా ఈ పేరు మీ జాబితాలో ఉండేదా అని మీరిద్దరూ విడివిడిగా జవాబు రాసుకుని తర్వాత చూపించుకోండి. మా ఇంట్లో ఈ మూడో పరీక్షలో ఆవిడ 'ఉండేది' అని రాసింది, నేను 'లేదు' అని రాశాను. పేరు మా నాన్నది!

పెట్టాలనే నిర్ణయించుకున్నాం. ఇంకేం చూసుకోవాలి?

స్పెల్లింగ్. పాత పేర్లకు అసలు బాధ అదే. పెద్దాయన సంతకం, సర్టిఫికెట్, ఆస్తి కాగితం తీసి ఆయన పేరు ఎలా రాసి ఉందో చూడండి. బాబు జనన ధ్రువపత్రం ఇచ్చేముందే ఒక రూపం ఖాయం చేసుకుని, తర్వాత అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా అదే రాయండి. మా నాన్న పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. వాటిలో ఏది సరైనదని ఆయన్నే అడిగితే, కళ్లజోడు పెట్టుకుని మూడూ పరీక్షగా చూసి, "ఇవేవీ కాదు" అన్నారు.